నాలుగు చక్రాలూ లాగే బండికి మైనం ముద్ద

మొన్న ఉసూరులోకి ఎడ్లు లాగుతున్న జీపులో వచ్చిన ముసలమ్మ నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత మధ్యలో అడ్డం రావొద్దు. అసలే నాకు కడుపు మండిపోతోంది!

అంతా మా మనవరాలి పేరు గురించి. ఉసూరులో మా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున ఉయ్యాల్లో వేసి పేరు పెట్టాలి. మా అమ్మ ముత్తమ్మ పేరు పెట్టాలని నేను. వాళ్ల అమ్మ గున్నమ్మ పేరు పెట్టాలని మా వియ్యపురాలు నర్సమ్మ. పుట్టిన నాటినుంచీ కబుర్ల మీదే కొట్టుకున్నాం. మా అల్లుడు పాపం మెత్తటి మనిషి, ఇద్దరికీ భయపడి ఒక తీర్పు చెప్పాడు. "అత్తా, పొద్దు నడినెత్తికి వచ్చేలోపు నువ్వు చేరితే ముత్తమ్మ. చేరకపోతే గున్నమ్మ."

వెంటనే నర్సమ్మ కబురు: "వదిన ముసలిదైపోయింది, నడవలేదు. మా ఎడ్లబండి పంపిస్తా."

ముసలిదట! నాకంటే ఆమె రెండేళ్లు పెద్దది. నేను ఇరవయ్యేళ్లు పెద్దదని చెబుతుంటాను, అది వేరే సంగతి. "నీ ఎడ్లబండి ఎవరికి కావాలి? నేను మోటారులో వస్తా. వచ్చి మోటారులోనుంచే దిగుతా, చూడు" అని తిరుగు కబురు పంపాను. అక్కడే నా ఖర్మ కాలింది.

మా పామేడు అడవిలో టేకు కొట్టించే కాంట్రాక్టరుకు ఒక జీపు ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న బండి. జగదల్‌పూరులో రాజావారి తర్వాత మోటారు ఉన్నది మా పామేడుకేనని నేను అందరికీ చెబుతుంటాను, ఇంతవరకు ఎవరూ కాదనలేదు. దాని డ్రైవరు సుబ్బారావు, రాజమండ్రి మనిషి. బర్మాలో బండి నడిపి వచ్చాడు. ఆ రోజు ఉత్త బండి ఉసూరు పోతోందని తెలిసి, ముందురోజే అతనికి కోడికూర వండిపెట్టాను. మాట మీద నిలబడే మనిషి. తెల్లారకముందే వాకిట్లో హారను కొట్టాడు.

దారంతా ఒకటే గొప్పలు. "మామూలు మోటారుకి రెండు చక్రాలే లాగుతాయండీ మామ్మగారూ. దీనికి నాలుగూ లాగుతాయి. కొండైనా ఎక్కేస్తుంది."

కొండ సంగతి ఏమోగానీ, ఒక వాగులో రాళ్ల మీద అది ఎగిరిన ఎగురుడుకు నేను ఆకాశంలో కొంగలను పలకరించి వచ్చాను. ఒడ్డెక్కాక సుబ్బారావు ముక్కు ఎగబీల్చాడు.

"మామ్మగారూ, పెట్రోలు వాసన వస్తోందండీ."

"నాకు ఎప్పటినుంచో వస్తున్నది కొడుకా. నీ అంగీ అనుకున్న."

దిగి కిందికి దూరాడు. పెట్రోలు ట్యాంకు అతని సీటు కిందే ఉంటుందట, చూడండి విడ్డూరం! అక్కడినుంచి ఇంజనుకు చిటికెనవేలంత పైపు. దానికి రాయి తగిలి వెంట్రుకంత పగులు పడింది. టపటపా కారుతోంది.

"సబ్బుముక్క ఒకటి ఉంటే చాలండీ. పగుల్లో రుద్ది, పైన గుడ్డ చుట్టి కడితే ఉసూరు చేరిపోతాం. బర్మాలో అలాగే చేసేవాళ్లం. మీ మూటలో ఏమైనా ఉందాండీ?"

ఉంది. లేకేం! భద్రాచలం నుంచి తెప్పించిన వాసనసబ్బు, కాగితం కూడా విప్పనిది. బాలింతకూ పసిపిల్లకూ అని తీసుకుపోతున్నా. నిజం చెప్పాలంటే నర్సమ్మ ముక్కు దగ్గర పెట్టడానికి తీసుకుపోతున్నా. అది ఇనపగొట్టానికి పూయాలా? నేనా?

"సబ్బా! అడవి మనుషులం, మాకెక్కడిది బిడ్డా? కుంకుడుకాయలతో బతికేటోళ్లం" అన్నాను. మొహం కూడా దీనంగా పెట్టాను. "అయినా సబ్బు ఎందుకు? నా దగ్గర దానికి తాత ఉన్నది."

కొంగుముడి విప్పి మైనం ముద్ద తీశాను. తేనెమైనంలో గుగ్గిలం కలిపి నా చేత్తో నూరి కాచింది. పామేడులో నేను మాటు వెయ్యని పగిలిన కుండ లేదు, సొరకాయబుర్ర లేదు. నేను మాటువేసిన కుండ మళ్లీ పగలాలంటే ఏనుగు రావాలి.

సుబ్బారావు తల గోక్కున్నాడు. "పెట్రోలుకి మైనం ఆగదేమోనండీ..."

"ఏంది? ఆగదా? నీళ్లు ఆగినయి. కల్లు ఆగింది. ఇప్పనూనె ఆగింది. నీ పెట్రోలుకేమన్న కొమ్ములున్నయా?"

పెద్దదాన్ని, పైగా కోడికూర పెట్టినదాన్ని, ఏమంటాడు? పూశాడు. కారడం ఆగింది! నేను సుబ్బారావు వైపు ఒక చూపు చూశాను. బర్మా మొత్తం సిగ్గుపడాల్సిన చూపు.

రెండు మైళ్లు పోయామో లేదో మళ్లీ వాసన. బండి ఆపి చూస్తే, నా మైనమూ లేదు, గుగ్గిలమూ లేదు. పిల్లలు బెల్లం నాకినట్టు ఆ పెట్రోలు మొత్తం నాకేసింది! వెనక దారిపొడవునా తడి గీత. ఆ కంపుకు అడవిలో ఎలుగుబంట్లు కూడా ముక్కులు మూసుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి కల్లును ఆపిన మందు అది, దాన్ని కరిగించేదాన్ని ఇంజను తాగుతుందా? అది బండా, రాకాసా?

పొద్దు చూస్తే నెత్తికి జానెడు దూరం. నా కళ్లముందు గున్నమ్మ, గున్నమ్మ అని ఉయ్యాల ఊగుతోంది. ఇక గతిలేక మూట విప్పి సబ్బు అతని చేతిలో పెట్టాను.

సుబ్బారావు సబ్బును చూశాడు. నన్ను చూశాడు. "కుంకుడుకాయలన్నారు కదండీ" అన్నాడు, అంతే. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది.

సబ్బు రుద్ది, గుడ్డ చుట్టి బిగించాడు. ఒక్క చుక్క కారలేదు. ఎలా కారుతుంది? ట్యాంకులో ఒక్క చుక్క ఉంటే కదా! ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. డబ్బాలో పెట్రోలు కూడా పొద్దున్నే పోసేశాడట.

అప్పుడు వినబడ్డాయి గజ్జెలు. ఎవరివో చెప్పాలా? నర్సమ్మ ఎడ్లు. బండిలో నర్సమ్మే, చంద్రుడంత మొహం వేసుకుని.

"ఏంది వదినా, మోటారు మేతకు ఆగిందా?"

"ఇంజను చల్లారుతున్నది" అన్నాను.

"రా, బండెక్కు. పొద్దు దాటుతున్నది."

"మోటారులోనే వస్తానన్న. మోటారు దిగను."

నర్సమ్మ నన్నొకసారి చూసి, ఎడ్లను విప్పి, జీపు ముందు మోకు కట్టించింది. "నాలుగు చక్రాలు లాగకపోతే ఏమాయె, నా రెండెడ్లు లాగుతయి" అని తనూ ఎక్కి నా పక్కనే కూర్చుంది. నాకు సిగ్గు వెయ్యలేదు. నేను తల వంచుకున్నది ఎండకే.

ఊరు ఊరంతా ఎదురొచ్చింది. జీపు ముందు ఎడ్లు, వెనక కుక్కలు, చుట్టూ పిల్లలు. చేరేసరికి పొద్దు ఎప్పుడో దాటిపోయింది. నేను నోరు విప్పేలోపే నర్సమ్మ తన కొడుకుతో, అదే మా అల్లుడితో అన్నది, "పిల్ల నాయనమ్మను, నేను లేకుండ పేరెట్ల పెడుదురు? నేను వదినతోటే వచ్చిన, మాకిద్దరికీ ఇప్పుడే పొద్దు. ముత్తమ్మ అనే పెట్టు."

చూశారా ఎంత గడుసుదో! నాకోసం ఎదురు రాకుండా ఉయ్యాల దగ్గర కూర్చుంటే తనే గెలిచేది. నన్ను గెలిపించి జన్మంతా నోరెత్తకుండా చేసింది. పైగా పెట్రోలు కంపు కొట్టే ఆ సబ్బు అరముక్కను వాసన చూసి, "మంచిగున్నది వదినా" అన్నది!

పిల్ల చెవిలో మా అమ్మ పేరు మూడుసార్లు చెప్పాను. ముత్తమ్మ, ముత్తమ్మ, ముత్తమ్మ. గట్టిగానే చెప్పాను, వీధి చివరికి వినబడేటట్టు.

ఏం లాభం? సంత రోజుకల్లా ఉసూరు నుంచి పామేడు దాకా అందరూ మా మనవరాలిని పిలిచే పేరు జీపమ్మ. ముత్తమ్మా కాదు, గున్నమ్మా కాదు. ఆ పేరు పెట్టింది ఎవరని అడిగితే మాత్రం ఊరంతా నా మైనం ముద్దకేసి వేలు చూపిస్తారు.