సెట్టర్ కోసం నన్నిచ్చేశారు

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళకు వాలీబాల్ పిచ్చి ఎందుకని బయటివాళ్ళు అడుగుతుంటారు. పొద్దున్నుంచి కాళ్ళు మగ్గం గుంతలో పెట్టుకుని కూర్చున్నవాడికి సాయంత్రమయ్యేసరికి ఎగరాలనిపిస్తుంది. అంతకుమించి కారణమేమీ లేదు.

మా షెడ్డులో మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది మా బావది, అంటే మా అక్క మొగుడిది. వెనకది నాది. పన్నెండేళ్ళుగా చీరెలు నేస్తూ నేను ఎక్కువగా చూసింది జరీ కాదు, మా బావ వీపు. కోర్టులోనూ అంతే. మా దగ్గర ఆట పాత పద్ధతి, ఎవరి చోటు వాళ్ళది, మధ్యలో చోట్లు మారడాలుండవు. ఆయన నెట్ దగ్గర నిలబడి స్మాష్ కొడతాడు. నేను వెనకెక్కడో నిలబడి, అవతలివాళ్ళు కొట్టిన బంతి నేలకు తగలకుండా పైకి లేపుతాను. చప్పట్లు స్మాష్‌కే పడతాయి. బంతి లేపినవాడికి మోచేతులు దోక్కుపోతాయి.

ప్రతి ఎండాకాలం పెనుకొండలో కొండ కింద మైదానంలో నాలుగు ఊళ్ళ పోటీ జరుగుతుంది: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కొత్తచెరువు. ఒకప్పుడు ఏ ఊరివాళ్ళు ఆ ఊరికే ఆడేవాళ్ళు. అప్పుడు ప్రతిసారీ హిందూపురమే గెలిచేది. దాంతో పెనుకొండలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన కొత్త రూలు పెట్టాడు. ప్రతి జట్టూ తన ఊరి మనుషుల్ని ఇద్దర్నే ఉంచుకోవాలి. మిగతా నలుగుర్నీ, చుట్టుపక్కల ఊళ్ళ ఆటగాళ్ళ పేర్లన్నీ ఒక పట్టీ రాసి, అందులోంచి వంతుల ప్రకారం కోరుకోవాలి. ఎవరిది మొదటి వంతో, ఎవరిది ఆఖరిదో చీటీలు తీసి తేలుస్తారు. ఇష్టముంటే రెండు జట్లు వంతులు మార్చుకోవచ్చు, ఆ మార్పుకు ఏమిచ్చి పుచ్చుకుంటారనేది వాళ్ళిష్టం. అలా చేతులు మారిన మనిషి ఇక తీసుకున్న ఊరివాడి కిందే లెక్క.

రెండేళ్ళ కిందటి సంగతి ఇది. చీటీల్లో హిందూపురానికి మొదటి వంతు వచ్చింది, మాకు నాలుగోది. మా బావ కెప్టెన్. మా జట్టులో ఉంచుకున్న ఇద్దరూ ఎవరంటే, ఆయనా నేనూ. అప్పటికి మేము నాలుగేళ్ళుగా ఫైనల్ మొహం చూడలేదు.

ఆ ఏడు పట్టీలో బుక్కపట్నం సెట్టర్ పేరు మొదటిసారి వచ్చింది. వాలీబాల్ తెలియనివాళ్ళకు ఒక ముక్క. మొదటి చెయ్యి బంతిని లేపుతుంది, రెండో చెయ్యి దాన్ని కొట్టేవాడికి అందిస్తుంది, మూడో చెయ్యి అవతల కొడుతుంది. ఆ రెండో చెయ్యే సెట్టర్. ఆట వాడి చేతిలో ఉంటుంది. బుక్కపట్నం మనిషి చెరువులో చేపలు పట్టే ఇంటివాడు, ముప్పై దాటినవాడు, మాట తక్కువ. బంతి అతని వేళ్ళ మీదికి వచ్చిపోతే చప్పుడు వినబడేది కాదు. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తున గాలిలో నిలబెట్టేవాడు. మొదటి వంతు ఎవరిదైతే అతను వాళ్ళవాడవుతాడని అందరికీ తెలుసు.

వారం రోజులు టీ అంగడి దగ్గర ఇదే చర్చ. హిందూపురం దగ్గర మొదటి వంతు కొందామా, వద్దా? కొందరన్నారు, ఒక్కడితో జట్టు అవుతుందా, వంతుకోసం ఉన్నది పోగొట్టుకుంటే రేపు వాడికి జ్వరమొస్తే గతేమిటి అని. ఆ మాట వినేసరికి నాకు కోపమొచ్చింది. నాకు కోపం త్వరగానే వస్తుంది, అందులోనూ టీ చేతిలో ఉంటే ఇంకా త్వరగా వస్తుంది.

"చీటీ పాట ఆడినోళ్ళే కదా మీరంతా?" అన్నాను. "చీటీ ముందు కావాలంటే ఏమన్నా వదులుకోవాల్నా, వద్దా? ఊరికే వస్తాదా? మన జట్టులో బంతి కొట్టేటోళ్ళు ఉండారు, లేపేటోళ్ళు ఉండారు. అందిచ్చేటోడే లేడు. బావా, వాళ్ళు ఏమడిగినా ఇచ్చేయ్. వెనకాముందూ చూడొద్దు."

అంతా తలలూపారు. బావ కూడా ఊపాడు. నేనంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని ఇంటికి పోయేదాకా అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున షెడ్డులో ఉండగా హిందూపురం కెప్టెన్ ఫోన్ చేశాడు. ఆయనకు హిందూపురంలో బేకరీ ఉంది. బావ రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి స్పీకర్ పెట్టాడు.

"దుడ్లేం వద్దప్పా, ఒక్క రూపాయి గూడా," అన్నాడు హిందూపురం కెప్టెన్, కన్నడం కలిసిన వాళ్ళ ఊరి తెలుగులో. "సుమ్మనే, ఊరికే మాటాడుకుందాం. మీ నాలుగో వంతు మాకియ్యండి, మా మొదటిది తీసుకోండి. దానిమీద ఒక మనిషినియ్యండి."

"ఎవర్నప్పా?" అన్నాడు బావ.

"వెనకాల ఆడ్తాడే, మీ పొడుగాయన. మీ బామ్మర్ది."

నా మగ్గం ఆగింది. బావ మగ్గం కూడా ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఫోన్‌లో మాత్రం బేకరీలో ఎవరో బన్నులు అడుగుతున్న గొంతు వినబడుతోంది.

"మళ్ళీ చేస్తా," అని బావ ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి, ముందుకే చూస్తూ, "వద్దులే అబ్బా," అన్నాడు.

ఆ 'వద్దులే'లో ఎంత బరువుందో నేను తూచుకున్నాను. ప్రాణమిచ్చి అడ్డుకునే వద్దు కాదది. ఇంకో ముద్ద వేయనా అంటే మొహమాటానికి అనే వద్దు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, నేను పన్నెండేళ్ళుగా ఆయన పెరట్లోనే ఉన్నాను. నాకు నిజంగా బాధ కలిగింది. బాధ కలిగితే నేను పౌరుషానికి పోతాను.

"ఏమడిగినా ఇచ్చేయమని నిన్న నేనే చెప్తి గదా బావా," అన్నాను. "మాటంటే మాటే. ఇచ్చేయ్."

ఆయన ఇంకోసారి వద్దంటాడని ఆగాను. ఆయన ఫోన్ తీసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా అక్క విషయం విన్నది. గరిటె పక్కన పెట్టి బావను నిదానంగా చూసింది.

"నన్ను తెచ్చుకుంటివి, నా తమ్మున్ని ఇచ్చేస్తివి. మా పుట్టింట్లో ఇంగ మిగిలింది పాలిచ్చే ఎనుము ఒకటి. దాన్నెవురికిస్తాండావు?"

"ఆయప్పే ఇమ్మన్యాడే," అన్నాడు బావ.

"వాడట్లనే అంటాడు. వాడు అన్న మాట నువ్వు ఎప్పుడిన్యావు, ఇప్పుడు వినేకి?"

ఆ నెలంతా ఊరుబిండి పచ్చట్లో నా కంచానికి నెయ్యి ఎక్కువ పడింది. బావ అది చూస్తూనే ఉన్నాడు.

హిందూపురం వాళ్ళు నన్ను బాగానే చూసుకున్నారు. శనివారం సాయంత్రం బస్సెక్కి ప్రాక్టీసుకు పోతే, బేకరీ నుంచి కొబ్బరి కూరిన దిల్‌పసంద్ తెప్పించి పెట్టేవాళ్ళు. పసుపు రంగు బనియనొకటి ఇచ్చారు, వీపు మీద హిందూపురం అని పెద్ద అక్షరాలు. దాన్ని తెచ్చి నా మగ్గానికి తగిలించాను, బావ చూసి కుళ్ళుకోవాలని. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి కదా, ఆయన వెనక్కి తిరిగితే గదా చూసేది. వారమంతా అది నా కళ్ళకే అడ్డం పడింది.

ధర్మవరం మాత్రం అందర్నీ ఊడ్చేసింది. బుక్కపట్నం సెట్టర్ అందిస్తుంటే మా బావ వయసు పదేళ్ళు తగ్గినట్టు ఎగిరాడు. మేమూ ఎలాగో గెలుచుకుంటూ వచ్చాం. ఫైనల్ హిందూపురానికీ ధర్మవరానికీ పడింది. నాకు కావలసింది కప్పు కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. నన్నిచ్చి తప్పు చేశానని మా బావ అనుకోవాలి. అంతే.

ఆదివారం నాలుగు గంటలకు ఆట మొదలైంది. మైదానం చుట్టూ నాలుగు ఊళ్ళ జనం. మా అక్క కూడా వచ్చింది, ఎవరివైపు కూర్చోవాలో తేలక నెట్ కట్టిన కర్రకు తిన్నగా కూర్చుంది.

అప్పుడు హిందూపురానికి ఒక విషయం తెలిసింది, నాకు మాత్రం ఎప్పుడో తెలిసింది. మా బావ ఎడమ మూలకు కొట్టబోతే ముందుగా ఆయన కుడి భుజం కాస్త కిందికి జారుతుంది. మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరేటప్పుడూ అంతే. నాడె ఎంత జోరుగా పోతుందో ఆ భుజం చూసి చెప్పగలను. పన్నెండేళ్ళు దాన్నే చూస్తూ బతికినవాణ్ణి. ఆయన ఎగరగానే నేను బంతి పడబోయే చోట నిలబడేవాణ్ణి. లేపాను. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ లేపాను. మూడోసారి బావ కిందికి దిగి, నెట్ సందుల్లోంచి నన్ను చూశాడు. కోపంగా కాదు, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

చెరొక సెట్టు గెలిచాం. ఆఖరి సెట్టులో ధర్మవరం పద్నాలుగు, మేము పదమూడు. బంతి సెట్టర్ వేళ్ళ మీదికి వెళ్ళింది, చప్పుడు లేకుండా పైకి లేచింది. బావ ఎగిరాడు. కుడి భుజం జారింది. నేను ఎడమ మూలకు ఉరికాను.

బావ కొట్టలేదు. జన్మలో ఎప్పుడూ చేయని పని చేశాడు. రెండు వేళ్ళతో బంతిని నెట్ మీదుగా ఊరికే అలా జార్చాడు. నేను ఒక్క క్షణం ముందు వదిలివచ్చిన చోటనే అది మెల్లగా పడింది. నేను బోర్లాపడ్డాను, నోట్లోకి మన్ను పోయింది. ధర్మవరం గెలిచింది.

జనం బావనూ సెట్టర్నూ ఎత్తుకున్నారు. నేను మోచెయ్యి దులుపుకుంటుంటే అక్క వచ్చి కొంగుతో తుడిచింది. "నీ కాడ బంతి పడకుండా చేసేకి మా ఆయప్ప ఎంత కష్టపడినాడబ్బా," అంది. అది ఓదార్పో ఎగతాళో ఆమెకూ తెలియదనుకుంటా.

సోమవారం పొద్దున ఇద్దరం గుంతల్లో కూర్చున్నాం. నాలుగు వేళ్ళ మేర నేత సాగింది. తర్వాత బావ నాడె పక్కన పెట్టి వెనక్కి తిరిగాడు. ఆ షెడ్డులో ఆయన మొహం నాకు పని వేళలో కనబడటం అదే మొదలు.

"నువ్వు ఆడేది నేనెప్పుడూ చూడల్యాబ్బా," అన్నాడు. "పన్నెండేండ్లు నువ్వు నా వీపెనకనే ఉంటివి. బంతి దానంతటదే పైకి లేస్తాండాదనుకుంటి."

ఏమన్నా అంటే ఏడుపు బయటపడుతుందని పసుపు బనియను తీసి మడత పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ ముందుకు తిరిగి నేతలో పడ్డాడు.

కిందటేడు ధర్మవరానికి మొదటి వంతు దానంతటదే వచ్చింది. సెట్టర్ని బావవాళ్ళే మళ్ళీ కోరుకున్నారు. నన్ను మాత్రం హిందూపురం వాళ్ళు తమ ఇద్దరిలో ఒకడిగా ఉంచుకున్నారు, పొమ్మనలేదు. ఇదిగో ఈ ఎండాకాలం మళ్ళీ చీటీలు తీశారు, మొదటి వంతు మళ్ళీ ధర్మవరానికే పడింది. నిన్న బావ హిందూపురం కెప్టెన్‌తో ఫోన్ మాట్లాడి, చెవి దగ్గర్నుంచి ఫోన్ తీయకుండానే వెనక్కి తిరిగాడు.

"నిన్ను ఎనక్కిస్తారంట. ఏమంటావు, అడిగిందిచ్చేద్దామా?"

ఈసారి నేను తొందరపడలేదు.

"ఏమడుగుతాండాడు బావా?"

"మొదటి వంతు. అంటే సెట్టర్ని."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఇయ్యొద్దనే చెప్పాను, ఆటంటే నాకూ తెలుసు. అలాంటి చెయ్యిని ఎవడైనా ఇచ్చుకుంటాడా? బావ కుదరదని ఫోన్‌లో చెప్పబోయి, ఆగి, "రేప్పొద్దున చెప్తాలే అప్పా," అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం దాటింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, ఈ ఉదయం నుంచి నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.