మనవి లేని ఆదివారం

మా చర్చిలో పాస్టరయ్య వాక్యం చెప్పే ముందు మనవులు చెప్పుకుంటారు. ముదిగుబ్బకు అవతల, వేరుశనగ చేల మధ్య రేకుల షెడ్డు మాది. ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటాం. ఎవరికేం కావాలో లేచి చెబితే అందరూ ఆమేన్ అంటారు. సగం మంది వాన అడుగుతారు, మిగతా సగం బోరులో నీళ్ళు అడుగుతారు. రెండూ ఒకటే కదా అని లోలోపల నవ్వుకునేదాన్ని.

నా మనవి మాత్రం రెండేళ్ళుగా మారలేదు. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బస్సులో అనంతపురం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేదాన్ని. ఆదివారం లేచి, "మా ఇంటాయన బాగుండాలని ప్రార్థన చేయండప్పా" అని చెప్పి కూర్చునేదాన్ని.

ఆయన ఒక గురువారం పోయాడు. శుక్రవారం భూస్థాపన. ఆదివారం నేను చర్చికి వెళ్ళాను. ఎందుకంటే అది ఆదివారం కాబట్టి, అంతే. నా వంతు వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని లేచాను.

"మా ఇంటాయన బాగుండాలని ప్రార్థన చేయండప్పా" అన్నాను.

అలవాటు కొద్దీ అందరూ ఆమేన్ అన్నారు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. పాస్టరయ్య తల వంచుకున్నాడు. రెండు రోజుల కిందట పెట్టె మీద మొదటి పిడికెడు మన్ను వేసింది ఆయనే. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు కూడా వేయలేదు. మొద్దుబారిపోయి ఉన్నాను.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే మా పక్కింటి అవ్వ చెయ్యి పట్టుకుంది. గొర్రెలు కాసుకునే మనిషి, మాట కటువు.

"ఇంగ నేను రానవ్వా. ఇంగేం అడిగేకి రావల్ల?" అన్నాను.

"మా ఇంటికి దినామూ వస్తాండావే, వచ్చినప్పుడల్లా ఏమన్నా అడిగేకే వస్తాండావా? ఊరికే వచ్చి కూచుంటావు గదా. ఈడికీ అట్లే రా" అనింది.

చెయ్యి విడిపించుకుని ఇంటిదారి పట్టాను. దేవుడి మీద కోపంగా ఉంది. రెండేళ్ళు ఒక్కటే అడిగాను, ఆ ఒక్కటీ ఇవ్వలేదు. అడిగింది ఇవ్వని చోట ఆరాధన దేనికి? వారమంతా ఇక పోకూడదనే అనుకున్నాను.

మరుసటి ఆదివారం వెళ్ళాను. అవ్వ మాట తలకెక్కి కాదు. ఇంట్లో ఉంటే ఆయన మంచం కళ్ళెదుట ఉంటుంది. మనవుల వేళ పాస్టరయ్య నా వైపు చూశాడు. లేదన్నట్టు తల ఊపాను. పాట ఎత్తుకున్నారు. ఊరికే నోరు కదిలించాను, అంతే. ఓదార్పేమీ కలగలేదు. అయినా లేచి వచ్చేయలేదు, ముగింపు ప్రార్థన దాకా కూర్చున్నాను.

బాప్తిస్మం తీసుకుని పద్దెనిమిదేళ్ళయింది. ఏమీ అడగకుండా దేవుడి ముందు కూర్చోవడం నాకు అదే మొదటిసారి.