టీవీ మీద కదలని బాణం

"అందరు కొనుక్కొస్తాన్లు బాపమ్మా! మేం గూడ కొనుక్కొస్తం. నీకేమైతాంది?"

"కొనుక్కొచ్చింది చూపెట్టనీకి నువ్వెందుకు పోవుడు? అమ్మినోన్నే తోలియ్యి. మార్కులు గూడ ఆయనకే ఏస్తరు."

"రేపు పొద్దుగాలనే సార్లకు చూపియ్యాలె. ఆ మౌస్ కదుల్తలేదు. నన్నేం జెయ్యమంటవ్?"

"కదిలేదాంక కూసో."

"ఇన్ని దినాల సంది కూసుంటనే ఉన్న గదా!"

"నా టీవీ ముంగట్నే కూసున్నవు. నేనేమన్న అన్ననా?"

అన్నాను. రోజూ అంటూనే ఉన్నాను. కానీ గొడవలో అవన్నీ ఒప్పుకుంటూ పోతే మాట నిలబడదు.

ఈ గొడవ నాకూ నా కొడుకు కూతురికీ. మట్టెవాడలో మాకు కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. పిల్ల హనుమకొండలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. ఆ సంవత్సరం ఇద్దరిద్దరు కలిసి ఏదో ఒక వస్తువు తయారుచేసి సార్లకు చూపించాలి. దాన్ని ప్రాజెక్టు అంటారు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకే కాబట్టి, తయారుచేయడమంటే తయారుచేయడమే అనుకున్నాను. ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు ఉంటాయని తర్వాత తెలిసింది. పేరు చెబితే చాలు, వస్తువు ఇస్తారట. సార్ ఏం అడుగుతాడో, దానికి ఏం చెప్పాలో కాగితం మీద రాసి అదీ ఇస్తారట. మా దుకాణంలో పప్పు కొన్నవాళ్ళకు ఎట్లా వండాలో మేం ఏనాడూ రాసివ్వలేదు. అప్పటిదాకా ఇంజినీర్లంటే నాకు కొంచెం బెరుకు ఉండేది. ఆ రోజుతో పోయింది.

మా పిల్ల మాత్రం సొంతంగా చేస్తానని పట్టుబట్టింది. బిస్కెట్ అంత బోర్డు, దానికి రెండు పక్కలా సన్నటి ఇనుప కాళ్ళు. దాన్ని నా గదిలో ఉన్న చిన్న టీవీ వెనక తగిలించింది. కంప్యూటర్ లేకుండా ఆ బోర్డే టీవీ మీద తెల్లటి కాగితంలాంటి బొమ్మ చూపించాలి, మౌస్ జరిపితే దాని మీద చిన్న బాణం జరగాలి, నొక్కితే గీత పడాలి. ఇంతే పని. ఇంతదానికి నా సీరియళ్ళన్నీ ఆగిపోయాయి.

మౌస్ మా దుకాణంలోదే. పాత కంప్యూటర్ చెడిపోయాక నా కొడుకు బిల్లులన్నీ ఫోన్లోనే చేస్తున్నాడు. చాన్నాళ్ళు గల్లా మీద ఊరికే పడి ఉన్న మౌస్‌ను నేను ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టాను. పనిచేసే వస్తువును పారేసే అలవాటు ఈ ఇంట్లో లేదు.

టీవీ మీద తెల్ల కాగితం వచ్చింది. నడిమధ్యన బాణం వచ్చింది. మౌస్ కింద ఎర్రటి లైటు వెలిగింది. నొక్కితే చుక్క పడింది. కానీ మౌస్‌ను ఎటు జరిపినా బాణం జరగలేదు. ఎన్నిసార్లు నొక్కినా చుక్క మీదే చుక్క పడేది.

"నొక్కితే తీస్కుంటాంది గద, మౌస్ మంచిగనే ఉంది," అంది పిల్ల. "తప్పు నా ప్రోగ్రాంల ఉంది."

అక్కడి నుంచి మొదలైంది. పిల్ల ప్రోగ్రాం చెరిపి మళ్ళీ రాసింది. రాసింది మళ్ళీ చెరిపింది. కాలేజీ సారుకు ఫోన్ చేస్తే, ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. అది చేశామంటే, అయితే ప్రాజెక్టుల దుకాణంలో ఒకటి తీసుకోమని సలహా ఇచ్చాడు. నా కొడుకు గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని బోర్డు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"పవర్ సరిపోతలేదు," అన్నాడు.

"లైట్ ఎలుగుతాంది గదా నాన్నా."

"ఎలుగుతాంది. కని జర డల్లుగ ఎలుగుతాంది."

మర్నాడు వచ్చి వైరు బాగా లేదన్నాడు. ఆ తర్వాత బోర్డు చైనాదై ఉంటుందన్నాడు. ఉప్పూ చింతపండూ అమ్మేవాడికి ఇన్ని అభిప్రాయాలు ఎక్కడివో నాకు అంతు చిక్కలేదు. పాపం, తండ్రి మాట కదా అని పిల్ల వైరు కూడా మార్చింది.

జోడీగా చేస్తున్న స్నేహితురాలికి ఓపిక అయిపోయింది. సాయంత్రం దాకా చూస్తాను, కదలకపోతే ప్రాజెక్టుల దుకాణం మూసేలోపు పోయి ఒకటి కొనుక్కొస్తాను, ఇద్దరి పేర్లూ దాని మీదే వేద్దాం అని చెప్పేసింది. ఆమెను తప్పు పట్టను. ఫెయిలైతే ఇద్దరూ అవుతారు. మా పిల్లకూ ధైర్యం జారింది. అందుకే ఆ గొడవ. అంత కష్టపడి చివరికి ఎవరో చేసిన డబ్బా పట్టుకొని సార్ల ముందు నిలబడితే, ఆ పిల్ల ఇక జీవితంలో ఏదీ సొంతంగా మొదలుపెట్టదని నా భయం. ఆ మాట దానితో అనలేదు. కూర్చోమన్నానంతే.

మూతి ముడుచుకునే కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు మౌస్‌ను వెల్లకిలా చేతిలో పట్టుకొని దాని లైటునే చూస్తోంది. అప్పుడే కరెంటు పోయింది. టీవీ ఆరింది, మౌస్ లైటు ఆరింది. నేను కిటికీ తెరిచాను.

"బాపమ్మా, లైటు పోయింది గని ఎరుపు పోలే."

"ఏం ఎరుపు?"

పిల్ల మౌస్‌ను కిటికీ దగ్గరికి తెచ్చింది. లైటు వచ్చే చిన్న గుంతలో ఎర్రగా ఏదో గట్టిగా మెత్తి ఉంది. ఎర్ర లైటు వెలిగినంతసేపూ అది కనబడలేదు. గోటితో గీకి వాసన చూసింది. ఆ తర్వాత అరిచిన అరుపుకు దుకాణంలో బేరం కూడా ఆగిపోయింది.

"నాన్నా! గీండ్ల కుంకుమ ఎవలు పెట్టిన్లు?"

నా కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "నేనే పెట్టిన బిడ్డా. కంప్యూటర్ చెడిపోయినంక, దసరాకు. కాంటాకు, కాల్క్యులేటర్‌కు, గల్లపెట్టెకు పెట్టంగ దీనికి గూడ పెట్టిన."

"మీద పెట్టొచ్చు గదా!"

"మీద పెడ్తె చేతులకంటుతది. కింద చిన్న గుంత కనవడ్డది. బొట్టు మంచిగ నిలుస్తదనుకున్న. నూనెల కలిపి పెట్టిన, రాలొద్దని."

"అది కుంకుమ భరిణె కాదు నాన్నా, దాని కన్ను! కింద బల్ల కనవడ్తెనే అది జరిగినట్టు దానికి తెలుస్తది."

"దేవునికి చేస్తె గది గూడ తప్పేనా?"

"కాంటాకు పెడితివి గద," అన్నాను నేను, "లోపలి ముల్లుకు పెట్టినవా? పవర్ సరిపోతలేదని ఇన్ని దినాలు చెప్పినోనివి, బొట్టు పెట్టిన ముచ్చట ఎందుకు చెప్పలే?"

"నన్నెవలు అడిగిన్లు?" అని దుకాణంలోకి పోయాడు.

అంతలో స్నేహితురాలి ఫోన్. ఆటో ఎక్కానంది. "జర ఆగవే, కరెంట్ వచ్చేదాంక ఆగు," అని పిల్ల బతిమాలింది. దిగను కానీ చూస్తాను అంది అవతలి పిల్ల. మా పిల్ల దూది అడిగితే దీపపు ఒత్తి ఒకటి ఇచ్చాను. రెండోది అడిగింది. మొదటిదాన్ని తిప్పి వాడుకోమన్నాను.

కరెంటు వచ్చింది. తెల్ల కాగితం, నడుమ బాణం. పిల్ల మౌస్‌ను కుడికి జరిపింది. బాణం ఎడమకు పారిపోయింది. పిల్ల ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. ఇన్ని రోజులూ తప్పు లేని ప్రోగ్రాంను సరిచేసీ సరిచేసీ ఉన్న మంచిని కూడా చెడగొట్టుకుంది. మొట్టమొదట రాసింది వెతికి మళ్ళీ ఎక్కిస్తే బాణం చెప్పినట్టు విన్నది. అప్పటికి స్నేహితురాలి ఆటో ప్రాజెక్టుల దుకాణం ముందు ఆగింది. ఫోన్లో టీవీని చూపించాక అదే ఆటోలో వెనక్కి తిరిగింది.

మర్నాడు పొద్దున టీవీని పాత దుప్పట్లో చుట్టి నేనూ పిల్లా ఆటోలో కాలేజీకి పోయాం. వాచ్‌మన్ నన్ను ఆపాడు. టీవీ నాది, అది ఎటు పోతే నేను అటు పోతానని చెప్పాను. లోపల వరసగా బల్లలు. స్నేహితురాలు అప్పటికే వచ్చి మా బల్ల దగ్గర నిలబడి ఉంది. మనిషి దగ్గరికొస్తే మూత తెరుచుకునే చెత్తడబ్బాలు మూడు జోడీల ముందు మూడు ఉన్నాయి, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా. ఒకటి ఎవరూ రాకపోయినా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

పరీక్ష సార్ మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏ దుకాణంల తీస్కున్నరమ్మా?"

"మేమే చేసినం సార్."

"అది సరే. ఏ దుకాణం?"

"మాది కిరాణా దుకాణం సారూ," అన్నాను నేను. "గిసొంటియి అమ్మం."

ఆయన నన్నొకసారి చూసి మౌస్ పట్టుకున్నాడు. బాణాన్ని అటూ ఇటూ తిప్పాడు. సున్నా లాంటిది ఒకటి గీశాడు.

"ఇంకేం చేస్తది?"

"గింతే సార్. గీస్తది."

"దీని మీద డబ్బా గిట్ల పెట్టాల్సింది. మంచిగ కనవడేది," అన్నాడు. స్నేహితురాలిని రెండు ప్రశ్నలు, మా పిల్లను రెండు ప్రశ్నలు అడిగాడు. ఇద్దరూ చెప్పారు. పాస్ అని సంతకం పెట్టి పక్క బల్ల దగ్గరికి పోయాడు. చెత్తడబ్బాలకు మాకంటే కొంచెం ఎక్కువే మార్కులు వేశాడట.

పిల్లలిద్దరూ వైర్లు పీకి సంచిలో పెట్టుకున్నారు. నేను టీవీకి దుప్పటి చుట్టాను. ముగ్గురం ఆటో కోసం గేటు దగ్గరికి నడిచాం.