మగ్గం ఆగితే లేచేది

నా చిన్నప్పుడు కాశిబుగ్గలో మా సందులో ఎవరైనా చనిపోతే ఆ కబురు ముందు చెవులకు తెలిసేది, తర్వాతే నోళ్లకు. పొద్దున మొదలుపెట్టిన మగ్గాల చప్పుడు ముందు ఒక ఇంట్లో ఆగేది, తర్వాత పక్కింట్లో, అలా సందు చివరిదాకా ఒక్కొక్కటే ఆగిపోయేది. శవం సందు మలుపు దాటేదాకా ఎవరూ అడ్డపోగు నేసే నాడె ముట్టుకునేవారు కాదు. పొద్దుగూకేలోపు గుడ్డ దించాల్సిన వాళ్లు కూడా మగ్గం గుంతలోంచి లేచి వచ్చి వాకిట్లో నిలబడేవారు. ఎవరూ కూర్చుని రాసుకున్న నియమం కాదది. పోయిన మనిషికి మా సందు చేసే మర్యాద.

మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. దాని పేరు గంజి. కూనగా ఉన్నప్పుడు, పడుగుకు పట్టించడానికి కాచి పెట్టిన గంజికుండలో మూతి పెట్టి, ముఖమంతా అట్టకట్టుకుపోయి దొరికిందట. నేను పుట్టకముందు సంగతి ఇది. నాకు ఊహ తెలిసేసరికే అది ముసలిదైపోయింది. నేను దాని వీపు పట్టుకునే నడక నేర్చానని మా నాయనమ్మ చెప్పేది. అదేదో నా తప్పయినట్టు చెప్పేది. మా ఇంట్లో పిల్లలు ఎక్కువ, ఎవరి గోల వాళ్లది. పెద్దవాళ్లకు పనులు, చిన్నవాళ్లకు ఒళ్లు దొరికేవి. నడిమిదాన్ని నేను. బడి నుంచి వస్తే నా వైపు తల తిప్పి చూసే ప్రాణి గంజి ఒక్కటే. తోకతో నేలను కొట్టి, వచ్చావా అన్నట్టు చూసి, మళ్లీ కళ్లు మూసుకునేది.

మా తాతయ్య నూలు దుప్పట్లు నేసేవాడు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేయాలి. చలికాలం మా ఇంట్లో వెచ్చగా ఉండే చోటు ఆ గుంత ఒక్కటే. గంజి ఆ గుంతలో ఒక మూలన, తాతయ్య ఎడమకాలి పక్కన, గోనెసంచి మీద పడుకునేది. తాతయ్య దానికి తగలకుండా కాలు కొంచెం వంకరగా పెట్టి తొక్కేవాడు. చూసినవాళ్లు ఆయనకు కాలు అవిటేమో అనుకునేవారు.

ఒక ఏడు చలి గట్టిగా పడింది. పొద్దున సందులో పడుగు నూలు బారుగా సాపి గంజి పట్టించే ఆడవాళ్ల వేళ్లు వంగేవి కావు. నీళ్ల కుండలో చెయ్యి పెట్టాలంటే భయమేసేది. గంజి వెనక కాళ్లు ఆ చలికాలంలోనే పడిపోయాయి. లేవాలంటే ముందు కాళ్ల మీద ఒళ్లంతా ఈడ్చుకుని, ఎక్కడో నొప్పి పట్టుకుని, వణుకుతూ లేచేది.

ఆ చలికాలంలోనే మా తాతయ్య మీద నాకు కోపం మొదలైంది. అంతకుముందు ఆయన మధ్యమధ్య మగ్గం ఆపి, వాకిట్లో ఎండకు కూర్చుని, నా జుట్టులో చిక్కు తీసేవాడు. కొట్టు దాకా తీసుకుపోయి బెల్లంముక్క ఇప్పించేవాడు. ఆ ఏడు అవన్నీ మానేశాడు. పొద్దున కూర్చుంటే కూర్చున్నట్టే. అన్నం కూడా మా నాయనమ్మ తెచ్చి పెడితే, ఎడమచేత్తో నాడె తాడు లాగుతూ కుడిచేత్తో రెండు ముద్దలు తినేవాడు. దుప్పటి మీద పులుసు పడుతుందని ఆమె తిట్టేది. కండెలు చుట్టడం నా పని. నాడెలో పెట్టే నూలు కండెలను రాట్నం మీద నేనే చుట్టి ఇవ్వాలి. ఇంతకుముందు కండె అయిపోతే నిదానంగా పిలిచేవాడు. ఆ ఏడు ఉన్న కండె సగం కాకముందే తరిమేవాడు. "జల్ది బిడ్డా, జల్ది. మగ్గం ఆగుతది." ఆగితే ఏమవుతుంది? కొంప మునుగుతుందా? ముసలితనంలో ఆశ ఎక్కువైంది ఈయనకు అనుకున్నాను. బయటికి అనలేదు. మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోవడం నాకు అప్పటికే అలవాటు.

ఒక పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ మగ్గం దగ్గర నిలబడి గొణుగుతోంది. తాతయ్య గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే ఉన్నాడు. గంజి తన మూలలోనే ఉంది. గోనెసంచి గడ్డం దాకా కప్పి ఉంది. నేను పిలిస్తే తోక కదల్లేదు. చెయ్యి వేసి చూశాను. ఆ గుంతలో చల్లగా ఉన్నది అదొక్కటే.

"పీనుగను కాళ్లకాడ వెట్టుకొని నేస్తానవ్. మగ్గం మన తల్లి. జర బయటన్న ఏయి" అంటోంది నాయనమ్మ.

"తల్లి ఏమనుకోదు. నూలుకు పోయిన పిల్లగాడు పగటాల్లకు వస్తడు. వచ్చి గుంత తవ్వుతడు. అందాక ఉండనీ" అన్నాడు తాతయ్య. ఆ పిల్లగాడు మా నాయన, మధ్యాహ్నానికి రావాలి.

నేను ఏడవలేదు. ఏడుపుకన్నా ముందు నాకు చప్పుడు వినబడింది. ఎదురింట్లో మగ్గం ఆడుతోంది. పక్కింట్లో ఆడుతోంది. సందు సందంతా టకటకా ఆడుతూనే ఉంది. మా ఇంట్లో చావు జరిగింది, ఒక్క నాడె ఆగలేదు. వాళ్లకు తెలియదేమో, తెలిస్తే ఆపుతారు అనుకున్నాను. చెప్పులు కూడా లేకుండా ఆ చలిలో బయటికి పోయాను.

ముందు ఎదురింటికే పోయాను. ఆ ఇంటాయన, మా పెద్దనాయన వరస, మగ్గం మీదే ఉన్నాడు. మా గంజి చచ్చిపోయింది, మగ్గం ఆపమని చెప్పాను. ఆయన చేయి ఆగకుండానే నవ్వాడు. "ఇయ్యాల కుక్కకు ఆపితే రేపు ఎలుకకు ఆపాలె, ఎల్లుండి బల్లికి ఆపాలె. గిట్లయితే దుప్పట్లు ఎవడు నేస్తడే పిల్లా, మీ గంజి నేస్తదా?" లోపల నుంచి ఆయన భార్య కూడా నవ్వింది. కనిపించని మనిషి నవ్వు ఇంకా చెడ్డది. పక్కింటి అక్క నవ్వలేదు, "అయ్యో బిడ్డా" అంది. కానీ అయ్యో అంటూనే నాడె విసిరింది. ఆ తర్వాతి ఇంట్లో నా మాట వినబడనే లేదు. రెండోసారి చెబితే "పక్కకు జరుగు, మగ్గం మీదికి ఎలుగు రాదు" అన్నారు. సందు చివరిదాకా పోయి వచ్చాను. ఏ ఇంట్లో ఎవరు ఏమన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. చాలామంది పోయారు. ఇళ్లు మారిపోయాయి. నాకు మాత్రం గుమ్మాలతో సహా గుర్తుంది.

తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో కూడా మగ్గం ఆడుతోంది. పరాయివాళ్ల సంగతి సరే, గంజిని కాలి పక్కన ఇన్నేళ్లు పడుకోబెట్టుకున్న మనిషి కూడా ఆపలేదే అనిపించింది. సందును ఆపడం నా చేతిలో లేదు. మా మగ్గాన్ని ఆపడం నా చేతిలో ఉంది. చుట్టి పెట్టిన కండెల గంప చంకన పెట్టుకుని పెరట్లోకి పోయాను. గోడవార రాయి మీద కూర్చుని, గంప ఒళ్లో పెట్టుకున్నాను. రాయి మంచుగడ్డలా ఉంది. ఎంత చలేసినా లేవకూడదనుకున్నాను. తాతయ్య దగ్గర మిగిలిన కండెలు అయిపోవాలి, అంతే. చప్పుడు వింటూ కూర్చున్నాను. కాసేపటికి అది నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది.

గెలిచాననుకున్నాను. సందులో అన్ని మగ్గాల మధ్య మా ఒక్క ఇంటి మౌనం నాకు స్పష్టంగా వినబడింది.

అప్పుడు తాతయ్య గొంతు వచ్చింది. తిట్టలేదు. మెల్లగా, తొందరగా అన్నాడు. "బిడ్డా, కండెలు తే. జల్ది రా. అది లేస్తది."

ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. సగం కండెలు పెరట్లోనే పడ్డాయి. లేస్తుందన్నాడు, అంటే బతికే ఉంది. చలికి బిగుసుకుపోయింది, అంతే. గుంత దగ్గరికి వచ్చి చూస్తే గంజి ఎలా ఉన్నది అలాగే ఉంది. తాతయ్య నా చేతిలోంచి కండె తీసుకుని, నాడెలో బిగించి, తాడు లాగాడు. మగ్గం మళ్లీ కదిలింది. ఆయన ఊపిరి వదిలాడు. ఆ పరుగు నన్ను ఉత్తపుణ్యానికి పరిగెత్తించినందుకు తాతయ్యను నేను ఈనాటికీ క్షమించలేదు. మిగిలినదంతా మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నన్ను గుంతలోకి దిగమన్నాడు. కుడివైపు మూలలో, ఆయన మోకాలి పక్కన కూర్చున్నాను. ఎడమవైపు గంజి, కుడివైపు నేను. నేల మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. పైన నాడె ఇటునుంచి అటు పోయినప్పుడల్లా, పోగును బిగించే పలక వచ్చి పేకను కొట్టినప్పుడల్లా మట్టి చిన్నగా అదిరింది. అరచేతిలోకి వచ్చింది, మోచేతి దాకా వచ్చింది. మా ఇంటి మగ్గమే కాదు, ఎదురింటిది కూడా అందులో ఎక్కడో ఉంది.

"దీనికి చెవులు ఎన్నడో పోయినయి. ఎవ్వలకు ఎరుక లేదు. మన్ను చెప్తది దీనికి, నేనున్నానని. మగ్గం ఆడుతాంటె పంటది. ఆగితే లేసి దేవులాడుతది నన్ను. కాళ్లు పోయినా లేస్తది. ఆ లేసుడు సూడలేక ఈ సలికాలమంత ఆపలే బిడ్డా."

"సచ్చింది గద తాతా" అన్నాను.

"సచ్చింది. మనిషి పోతే ఆపుతం, మనిషికి అది మర్యాద. దీనికి ఆపుడు మర్యాద గాదు. మీ నాయన వచ్చేదాక పండనిద్దాం."

నేను పైకెక్కి పెరట్లో పడిన కండెలు ఏరుకొచ్చాను. రాట్నం గుంత పక్కకే లాక్కున్నాను. తాతయ్య నేశాడు, నేను చుట్టాను. పోగు తెగితే ఆయన ఒక చేత్తో ముడి వేస్తూ ఇంకో చేత్తో పలకను ఊరికే ఆడించేవాడు, నేల అదురు ఆగకుండా. ఆ పనిని ఆ చలికాలమంతా ఎన్నిసార్లు చూశానో. ఎందుకో ఆ రోజు తెలిసింది. నాయనమ్మ అన్నం తెచ్చింది. ఎప్పటిలా తిట్టబోయి, మమ్మల్ని చూసి, గిన్నె గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె కూడా ఆ పూట తిన్నట్టు లేదు.

మా నాయన వచ్చి, సంగతి విని, పడుగు కట్టే గుంజ పక్కన పెరట్లో తవ్వాడు. అయిందని కేక వేశాక తాతయ్య కాలు కర్ర మీద నుంచి తీశాడు. "ఇగ ఆపుదాం" అన్నాడు. మగ్గం ఆగింది. నేను గంజి తల వైపు చూశాను. తాతయ్య కూడా అటే చూశాడు. ఇద్దరం అలా చూస్తూ ఉన్నాం. అది లేవలేదు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. పొద్దున ముట్టుకుని చూసినప్పుడు తెలిసిన చావు వేరు, అప్పుడు తెలిసిన చావు వేరు.

ఎదురింటి ఆయన ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు. ఆయన పోయిన రోజు సందులో మగ్గాలన్నీ ఆగాయి, మాది కూడా ఆగింది. ఆపింది మా తాతయ్య. నేనైతే ఆపేదాన్ని కాదు.

ఇప్పుడు ఆ సందులో మగ్గం చప్పుడు లేదు. గుంతలు పూడ్చి బండలు పరిచారు. ఎవరైనా పోతే ఆపడానికి ఏమీ లేదు కాబట్టి ఫోన్లో కబురు వస్తుంది. నేను పెళ్లి చేసుకున్నాయన సాంచాల షెడ్డులో, కరెంటు మగ్గాల మధ్య బతుకంతా గడిపాడు. చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. చలికాలంలో కూడా తల మీద పాత ఫ్యాన్ కటకటమంటూ తిరగాల్సిందే. కాపురం చేసినంతకాలం ఆ ఫ్యాన్ గురించి నేను పోట్లాడుతూనే ఉన్నాను. రెండు దుప్పట్లు కప్పుకుని కూడా ఆయన వినేవాడు కాదు.

పోయిన చలికాలంలో ఆయన పోయాడు. జనం వచ్చారు. మా మరిది లోపలికి రాగానే చేసిన మొదటి పని ఫ్యాన్ కట్టేయడం. నేను లేచి మళ్లీ వేశాను. "సలికి ఫ్యాన్ ఏంది వదినా, ముసలోళ్లు కూసున్నరు" అన్నాడు. మళ్లీ కట్టేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. పదో రోజు భోజనాల దగ్గర, వదినకు మతి చలించిందని మరిది నలుగురికి చెప్పాడు. విన్నాను. ఎవరెవరికి చెప్పాడో కూడా నాకు తెలుసు.

ఆ రోజు మా ఇంటాయనను ఎత్తుకుని వాకిలి దాటించేదాకా ఫ్యాన్ తిరిగింది. అందరూ వెంట వెళ్లాక నేను వెనక్కి వచ్చి స్విచ్ నేనే ఆపాను. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా మంచం వైపు చూస్తూ నిలబడ్డాను.