దిగే చోటు

నా నోరు మంచిది కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట ఆ నోటి వల్లే పక్కింటి వదినతో నాకు మాటలు లేకుండా పోయాయి. ఆవిడతో మాకు చుట్టరికం ఏమీ లేదు, పిలుపుకే వదిన. మిర్చి కోతలు మొదలైతే తన ఇంటి ముందు రోడ్డు పక్కన పట్టాలు పరిచి కాయ ఎండబెట్టుకునేది; అదే ఆవిడ కల్లం. ఆ ఘాటుకి మా ఆయన దగ్గుతున్నారని ఒకరోజు నేను కోపంగా బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించి వాకిలి కడిగాను. నీళ్లు పారి రెండు పట్టాల కాయ తడిసి, రంగు పోయి, ధర పలకని తాలులో కలిసిపోయింది. తప్పు నాది. ముందు అరిచిందీ నేనే.

ఆ మరుసటి ఏడే మా ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు టౌనుకి వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. "మిర్చి యార్డు పనిమీద తిరుగుతున్నాననుకుంటారు, అనుకోనీ" అన్నారు. పొద్దున వెళ్లేటప్పుడు మామూలుగానే నడిచేవారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కాళ్లలో సత్తువ ఉండేది కాదు. ఆటో ఎక్కమంటే వినరు. ఎదురొస్తానంటే కోపం. అప్పట్లో బస్సు చెయ్యెత్తిన చోటల్లా ఆగేది కాబట్టి మా గేటు ముందే దిగేవారు.

రోడ్డు వెడల్పు చేసి మధ్యలో డివైడర్ కట్టాక ఆ సుఖం పోయింది. బస్సులు ఊరి సెంటర్లో తప్ప ఆగడం మానేశాయి. సెంటర్ నుంచి మా ఇంటికి పది నిమిషాల నడక. ఆయనకి అరగంట పట్టేది. ఎందుకింత ఆలస్యమని అడిగితే, దారిలో ఎవరో మాటల్లో పెట్టారనేవారు. నేను నమ్మేదాన్ని.

సెంటర్లో బస్సులు ఆగితే ట్రాఫిక్ నిలిచిపోతోందని డిపో నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. టౌనుకి వెళ్లే బస్సుకి ఒక స్టాపు, తిరిగి వచ్చే బస్సుకి ఒక స్టాపు వేరేచోట వేస్తామని, ఎక్కడ కావాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. బస్సు అందరికీ దగ్గర్లో కావాలి, స్టాపు మాత్రం ఎవరి గేటు ముందూ వద్దు. ఉమ్ములేస్తారని ఒకరు, గేటుకి అడ్డంగా బళ్లు పెడతారని ఇంకొకరు. ఒకాయనైతే తన ఇంటి వాస్తు చెడిపోతుందన్నాడు. రెండు గంటలు కొట్టుకుని, వెళ్లే స్టాపు హైస్కూలు గోడ దగ్గరని తేల్చారు. వచ్చే స్టాపు దానికి ఎదురుగానే వేద్దామని అందరూ లేవబోయారు.

హైస్కూలు మాకు సెంటర్ కన్నా దూరం. అయినా నోరు విప్పలేదు. దగ్గరగా కావాలని అడిగితే ఎందుకో చెప్పాలి కదా. అనవసరంగా అరవడం తప్ప, అవసరానికి నోరు పెగలని మనిషిని నేను.

అప్పుడు వదిన లేచింది.

"ఇందాకట్నుంచీ ఎక్కే చోటు గురించే కొట్టుకు చస్తన్నారు గానీ, దిగే చోటు సంగతి ఎవరన్నా చూశారా? పొద్దున పోయేటప్పుడు ఎవరైనా నడుస్తారండీ. వచ్చేటప్పుడే గదా కాళ్లు పీకేది! ఆ రెండోది నా కల్లం కాడ పెట్టండి."

"మరి కాయ ఎక్కడ ఎండేస్తావే?" అన్నాడొక పెద్దాయన.

"మేడ మీదకి మోసుకుంటాలే బాబాయ్, నీకెందుకు?"

స్టాపులు ఎదురెదురుగానే ఉండాలన్న రూలేమీ లేదన్నారు ఆఫీసరు. పత్తి తీతకెళ్లి అలిసొచ్చే ఆడవాళ్ల కోసం అడిగిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ అలాగే అనుకుని, మా అదృష్టం బాగుందని సంతోషించాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు.

కొత్త స్టాపులో బస్సు ఆగిన మొదటి రోజు ఆయన దిగి, ముప్పై అడుగులు నడిచి, తన చేత్తోనే గేటు తీసుకున్నారు. వచ్చి కూర్చుని అన్నం పెట్టమన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అన్నం తింటూ అసలు సంగతి చెప్పారు. సెంటర్ నుంచి వచ్చే దారిలో తూము గోడ మీద కూలబడిపోయేవారట. కల్లంలో కాయ తిరగేస్తున్న వదిన అది చూసి, ఆయన లేచేదాకా వచ్చి పక్కన నిలబడేదట. "మీ ఆవిడకి చెప్పన్లే తమ్ముడూ, కంగారు పడుద్ది" అందట.

ఆ రోజు నుంచీ ఈ రోజుదాకా బస్సాగిన చప్పుడు వింటే చాలు, మనసులో ఆవిడకి దండం పెట్టుకుంటాను. మా ఆయన తన కాళ్లమీద తను ఇంటికొస్తున్నారంటే అది ఆవిడ చలవే.

ఆయన ఆ సంగతి చెప్పిన సాయంత్రమే వాళ్ల మేడెక్కాను. ఆవిడ పట్టా మీద కాయ సర్దుతోంది. తడిపిన కాయకి క్షమాపణ చెబుదామని వెళ్లాను గానీ ఏడుపొచ్చేసింది.

"నాతో మాటల్లేకపోయినా ఇంత చేశావు వదినా" అన్నాను.

"మాటల్లేకపోతే మాత్రం, ఎదురుగా కనపడేది చూడకుండా ఉంటానా ఏంటి?" అని, పక్కనున్న మిర్చి బస్తాని మోచేత్తో జరిపింది.

అరచేత్తో ఎందుకు పట్టుకోలేదా అని చూశాను. కుడి మణికట్టు విరిగి, వంకరగా అతుక్కుని ఉంది. అలాంటి చేత్తోనే బస్తాలన్నీ పైకి చేర్చింది. అది ఎప్పుడు విరిగిందో, కట్టు ఎన్నాళ్లుందో, గోడ పక్కనే ఉన్న నాకు తెలియదు.

"చేతికేమైంది వదినా?" అని అడిగాను.