మాస్టారు తిట్టడం మానేసిన ఉదయం

డ్రైవింగ్ నేర్పే మాస్టారికి నోరు పెద్దది. ఊళ్లో కార్లు నడిపేవాళ్లలో సగం మంది ఆయన చేత చెవులు గింగురుమనేలా తిట్లు తిన్నవాళ్లే. "క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోతున్నావా నాయనా, దుప్పటి తెమ్మంటావా?" అన్నది వాటిలో మెత్తనిది.

అలాంటి మాస్టారు ఒక్క మనిషి దగ్గర మాత్రం నోరు అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఆయన భార్యకు అక్క. బట్టల కొట్లో ఏళ్ల తరబడి నిలబడి పనిచేసి రిటైరై, ఇక కూర్చుని చేసే పనేదైనా నేర్చుకుంటానంటూ వచ్చి స్టీరింగ్ పట్టుకుంది. వదినగారిని తిట్టలేడు, తిట్టకుండా ఉండలేడు. తమరు దయచేసి ఆ గోడను వదిలేయండి అని మర్యాదగా చురక వేసేవాడు. ఆవిడ సరేనంటూ మళ్లీ ఆ గోడ వైపే తిప్పేది. రెండో గేరు దాటాలంటే ఆవిడకు గుండె దడ.

ఆ ఉదయం పెట్రోలు బంకు మలుపులో ఇండికేటర్ వేయలేదని ఆయన కాస్త గట్టిగానే అన్నాడు. తరువాతి వీధిలో ఆవిడ కారును డివైడర్‌కు ఆనించినంత పనిచేసింది. ఆయన నోరు మెదపలేదు. ఆవిడకు అదే వింతగా తోచింది.

ఆయనకు లోపల అంతా తెలుస్తూనే ఉంది. బ్రేకు అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే "చెంచా" అని వచ్చింది. ఆయనకే నవ్వొచ్చింది. నవ్వబోతే మూతి ఒక పక్కే కదిలింది. ఒళ్లో ఉన్న కుడిచెయ్యి, ఎవరిదో సంచిలా పక్కకు జారిపోయింది.

ఆవిడ కారు ఆపి రెండు చేతులూ ఎత్తమంది. ఒక్కటే లేచింది. ఒకప్పుడు ఆవిడ తల్లికి ఇలాగే మూతి వంకరపోతే, అలసట అనుకుని సాయంత్రం దాకా పడుకోబెట్టారు. ఆ పొరపాటు మళ్లీ జరగనివ్వదలచుకోలేదు. పెద్దాసుపత్రి పక్క వీధిలోనే ఉంది. అంబులెన్సును పిలిచి ఎదురుచూసేలోపే చేరిపోవచ్చు.

"మరిదిగారూ, గట్టిగా పట్టుకుని కూర్చోండి. మూడో గేరు వేస్తున్నా."

'నేర్చుకుంటున్నారు' అని బోర్డు తగిలించుకున్న కారు హారన్ మోగిస్తూ వస్తుంటే జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తప్పుకున్నారు. మాస్టారికి తన ఒంటికేమైందన్న దిగులు కన్నా వదినగారి డ్రైవింగే ఎక్కువ భయపెట్టింది. అయినా కారు ఆసుపత్రి గుమ్మం ముందు కుదుపు లేకుండా ఆగింది. శభాష్ అనబోయాడు. రాలేదు.

చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారని డాక్టరమ్మ అడిగింది.

"పెట్రోలు బంకు దగ్గర నన్ను తిట్టినప్పుడు శుభ్రంగా ఉన్నారండీ. పావుగంట కూడా కాలేదు."

స్కానింగ్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలింది. పరుగున వచ్చిన మాస్టారి భార్యను కూర్చోబెట్టి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డం పడిందమ్మా. అటువైపు మెదడు రక్తం అందక అల్లాడుతోంది. త్వరగా దారి తెరిస్తే చాలావరకు దక్కుతుంది. వెంటనే తెచ్చారు, అదే మేలు."

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. గడ్డ పెద్దది కావడంతో, తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పైకి పంపి దాన్ని లాగేశారు.

మర్నాడు మంచం చుట్టూ అందరూ చేరారు. మాస్టారు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "వదినగారూ... ఇండికేటర్... వెయ్యలేదు."

భార్య ఏడుస్తూనే నవ్వింది. వదినగారు కళ్లు తుడుచుకుని, ఇంకో నాలుగు తిట్టమని బతిమాలింది.

గుండె లయ తప్పి కొట్టుకోవడం వల్ల అక్కడ గడ్డ కట్టి, రక్తంతో పాటు మెదడుకు చేరిందట. దానికి రోజూ మాత్ర వేసుకోమన్నారు. చేతికి పట్టు రావడానికి నెలలు పట్టింది. కొన్ని మాటలు ఇప్పటికీ దాక్కుంటాయి. గేరు అనబోయి గొడుగు అంటాడు. శిష్యులకు అలవాటైపోయింది, గొడుగు మార్చమంటే గేరే మారుస్తారు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు తాళం ఇచ్చే ముందు మాస్టారు వాళ్లను వరసగా నిలబెడతాడు. నవ్వమంటాడు, రెండు చేతులూ ఎత్తమంటాడు, పేరు చెప్పమంటాడు. పక్కనున్నవాళ్లకు వీటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా అంబులెన్సును పిలవమని చెబుతాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తుంటే, వాళ్లనూ పిలిచి చేతులెత్తిస్తున్నాడు.