రాకాసి తీసేసిన మాట

ఆ రేకుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ రాకాసి అనేవారు. ఊరికే అనలేదు లెండి. కోపమొస్తే కీబోర్డును బల్లకేసి బాదేది. ప్రోగ్రాములు రాసే ఆ మేడ గదిలో పగలని కప్పంటూ లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కానీ, ఆమెకు ఊరితో పనేముంది? ఉన్నది ఒక్క తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక తనే పెంచింది, కింద రేకులు ఒత్తే ప్రెస్సు మీద పని కూడా తనే ఇప్పించింది.

ప్రెస్సు నడవాలంటే పై గదిలోని కంప్యూటర్ నుంచి ఒక వరస పంపాలి. అందులో ఎంత లోతు దిగాలో చెప్పే అంకెలుంటాయి, మధ్యమధ్య ‘ఆగు’ అన్న మాట ఉంటుంది. ఆ మాట రాగానే ప్రెస్సు పైనే నిలబడుతుంది. తమ్ముడు చెయ్యి పెట్టి ఒత్తిన రేకు తీసుకుంటాడు.

ఒకరోజు కొత్త ప్రెస్సు వచ్చింది. దాని కొలత వేరు, ప్రతి అంకెనూ పదితో భాగించి పంపాలి. ఆమె రాసిన ప్రోగ్రాము ‘ఆగు’ దగ్గరికి రాగానే చచ్చి కూర్చుంటోంది. మాటను పదితో ఎలా భాగిస్తుంది పాపం?

“ఇంకా ఎంతసేపమ్మా? కింద మిషను ఖాళీగా ఏడుస్తోంది!” అని సూపర్‌వైజర్ అరిచాడు.

ఆమె పళ్ళు కొరికింది. అంకె కానిదాన్నల్లా తీసి పారెయ్యమని ఒక్క వాక్యం రాసింది. అప్పటిదాకా తప్పు తప్పని అరిచిన తెర నోరు మూసుకుంది. “పంపాను, తీసుకుని చావండి!” అంది.

తమ్ముడు అలవాటుగా చెయ్యి పెట్టాడు. ప్రెస్సు ఆగలేదు.

తమ్ముడి కేక విని ఆమె మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది. రేకుల నిండా నెత్తురు.

“మిషను తప్పేం లేదు! వీడే తొందరపడ్డాడు!” అంటున్నాడు సూపర్‌వైజర్.

ఆమె పక్కనున్న స్పానరు తీసి అతని దవడ మీద ఒక్కటిచ్చింది. “వాడు కాదురా, నేను! ‘ఆగు’ తీసేసింది నేను!” అని గుండెలు బాదుకుంది.

కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. తమ్ముడు అక్కను తిట్టలేదు. “ఇంక దాని దగ్గరికి పోలేనక్కా, చూస్తేనే భయమేస్తోంది” అన్నాడంతే. వాడికి వేరే పని రాదు.

యజమాని ఆమెను వెళ్ళగొట్టలేదు. ఆమె ప్రోగ్రాము ఇంకెవడికి అర్థమైంది గనక! ఆమె మళ్ళీ రాసింది. ముందు అది అంకో మాటో చూడు. అంకైతే భాగించు, మాటైతే ముట్టుకోకు.

గాయం మానాక తమ్ముణ్ణి ప్రెస్సు దగ్గరికి లాక్కొచ్చింది.

“నొక్కు.”

“నీకేమైనా పిచ్చా అక్కా?”

“నొక్కరా వెధవా!”

ఏడుస్తూ ఎడమచేత్తో మీట నొక్కాడు. దెబ్బ పడింది, నేల అదిరింది. ప్రెస్సు పైకి లేవగానే ఆమె కుడిచెయ్యి మణికట్టుదాకా లోపల పెట్టింది. ‘ఆగు’ రాగానే పైన ఇనుప దిమ్మ నిలబడిపోయింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

“చూశాను, తియ్యి!”

“సరిగ్గా చూడు.”

వాడు ఆమెను ఇవతలికి లాగి ఎడమచేత్తో చెంప పగలగొట్టాడు. రాకాసి తిరిగి కొట్టలేదు. వాడు ముక్కు తుడుచుకుని, కొత్త రేకు తీసి, మిగిలిన రెండు వేళ్ళతో లోపల పెట్టాడు.